బేస్ గిటారుకు కట్టిన చీటీ

సౌండ్ పనిలోకి, వాద్యాల రిపేరులోకి కొత్తగా వస్తున్నవాళ్ళు అప్పుడప్పుడూ నా దగ్గరికొచ్చి, "మీరు మొదట ఏ సర్క్యూట్లు నేర్చుకున్నారండీ?" అని అడుగుతుంటారు. సర్క్యూట్లు పుస్తకాల్లో ఉన్నాయి, ఇప్పుడు ఫోన్లలోనూ ఉన్నాయి. వాటి గురించి నేను కొత్తగా రాసేదేమీ లేదు. గుంటూరులో దాదాపు నలభై ఏళ్ళు సోల్డరింగ్ ఐరన్ పట్టుకుని కూర్చున్నాక నాకు తెలిసింది ఒకటే. ఈ పనిలో సగం తప్పులు కస్టమరు చెప్పింది మనం సరిగ్గా వినకపోవడం వల్ల జరుగుతాయి. నేను చేసిన అలాంటి తప్పుల్లో అన్నిటికంటే పెద్దదాని గురించి ఇక్కడ రాస్తున్నాను. దానివల్ల ఒక మంచి వాద్యకారుడు వాయించడమే మానుకోవాల్సి వచ్చేది.

విశ్వనాథం గారి షాపు

ఎనభైల మొదట్లో నేను విశ్వనాథం గారి రేడియో షాపులో మెకానిక్కుని. మిరపకాయల లారీలు వెళ్ళే రోడ్డు మీద షాపు. సీజనులో బస్తాలు దిగుతుంటే వీధి వీధంతా తుమ్మేది. మనుషులు తుమ్మి ఊరుకుంటారు గానీ వాల్యూమ్ కంట్రోళ్ళు ఊరుకోవు. ఘాటు దుమ్ము లోపలికి దూరి, తిప్పితే గరగరమనేవి. మా షాపుకు వచ్చే రిపేర్లలో సగం ఆ దుమ్ము పుణ్యమే.

విశ్వనాథం గారు పెద్ద పనిమంతుడు. అంతే పెద్ద పిసినారి కూడా, విద్య విషయంలో. అసలైన చోట సోల్డరింగ్ పెట్టేటప్పుడు నాకు వీపు తిప్పి కూర్చునేవారు. ఆయన దగ్గర ఆరేళ్ళు పనిచేసి, సగం పని ఆయన భుజం మీదుగా మెడ సాచి నేర్చుకున్నాను. ఇది ఆయనంటే గౌరవం లేక రాయడం లేదు. మీరు ఎవరికైనా పని నేర్పాల్సి వస్తే వీపు తిప్పకండి, అంతే.

ఆయన దాచకుండా నేర్పింది ఒక్కటుంది. రిపేరుకు వచ్చిన ప్రతి వస్తువుకూ దారంతో ఒక చీటీ కట్టాలి. దాని మీద జబ్బు ఏమిటో కస్టమరు నోట వచ్చిన మాటల్లోనే రాయాలి. "కండెన్సర్ పోయినట్టుంది" అని రాస్తే చింపేసేవారు. "వార్తలు బాగానే వస్తున్నాయి, పాటలకే గొంతు బొంగురు పోతోంది" అని కస్టమరు అంటే అదే రాయాలి. రిపేరు అయ్యాక ఆ చీటీ చదివి, ఆ మాట ఇక అనక్కర్లేదు అనుకుంటేనే వస్తువు ఇచ్చేయాలి. నాకు అప్పట్లో అది ముసలాయన చాదస్తంలా కనిపించేది. డిప్లొమా చదివినవాణ్ణి కదా, కాస్త పొగరు ఉండేది.

యేసురత్నం

ఒకరోజు మధ్యాహ్నం బేస్ గిటారు సంచి భుజాన వేసుకుని యేసురత్నం వచ్చాడు. నాకంటే పదేళ్ళు పెద్ద. పగలు పత్తి జిన్నింగు మిల్లులో మెషీన్ల దగ్గర పని. ఆదివారం పొద్దున చర్చిలో వాయింపు, పెళ్ళిళ్ళకు, ఫంక్షన్లకు కోటేశ్వరరావు గారి ఆర్కెస్ట్రాలో వాయింపు. తలలో ఎప్పుడూ ఒకటో రెండో దూది పోగులు ఉండేవి. అందరూ రత్నం అనేవారు, నేను రత్నం అన్నా అనేవాణ్ణి.

"మస్తానూ, ఫారిన్ నుంచి గిటార్లు కలుపుకోడానికి మీటర్లు వస్తున్నాయంట గదా. ముల్లు చూపిస్తదంట. అట్టాంటిది నాకు చేసి పెట్టగలవా?" అన్నాడు.

"నీకెందుకన్నా అది? నీ చెవి కంటే మీటరు ఎక్కువా?" అన్నాను.

అతను షాపులో ఎవరైనా ఉన్నారేమోనని ఒకసారి చూసుకున్నాడు. విశ్వనాథం గారు వెనక గదిలో ఉన్నారు.

"చెవే దెబ్బతిందిరా. ఇరవై ఏళ్ళు ఆ మెషీన్ల పక్కన నిలబడ్డానా, లోపల ఎప్పుడూ హోరే. నేను తీగ మీటితే గుమ్మని తెలుస్తంది. ఆ గుమ్మన్నది ఏ స్వరమో తెలియట్లేదు. ఇంట్లో అయితే ఇట్టా చేస్తా" అని గిటారు పైకొమ్మును దవడకు ఆనించి లావు తీగ మీటాడు. "ఎముకలోంచి తెలుస్తది. నాలుగు తీగలూ ఒకదానితో ఒకటి కలుపుకోగలను. స్టేజీ మీద పక్కోళ్ళతో కలిశానా లేదా అన్నదే తెలియట్లా. కోటేశ్వరరావు గారు రెండుసార్లు అన్నాడు, ఏమయ్యా రత్నం, పక్కకు పోతున్నావని. మూడోసారి అంటే ఇంక వేరేవాణ్ణి పెట్టుకుంటాడు. నాకు వినపడకపోయినా, అందరితో కలిశానో లేదో అది చెప్పాల. చాలు."

ఆ మాటలు ఈ రోజుకీ నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తున్నాయి. కానీ పెట్టె సరిచూసుకోడానికని అతను వదిలి వెళ్ళిన గిటారుకు ఆ రోజు కట్టిన చీటీ మీద నేను రాసింది అది కాదు. "బేస్ గిటారుకు ట్యూనర్. కచ్చితంగా ఉండాలి" అని రాశాను. అతని చెవి సంగతి చీటీ మీద పెట్టడం మర్యాద కాదని నాకు నేను చెప్పుకున్నాను. నిజానికి కొత్త వస్తువు చేసే అవకాశం దొరికిందన్న ఉత్సాహంలో అతని మాట నాకు అనవసరంగా కనిపించింది.

మొదటి పెట్టె

బేస్ గిటారు తీగ లావు, శబ్దం లోతు. లావు తీగ సెకనుకు నలభై చిల్లర సార్లు ఊగుతుంది. చిన్న మైకులకు అంత లోతు శబ్దం సరిగ్గా అందదు. ట్యూనర్ పెట్టెను నేను మొదట మైకుతోనే చేశాను. రత్నం తీగ మీటితే ముల్లు బద్ధకంగా కదిలి, దాని పై స్వరం దగ్గర ఆగేది. బయట లారీ హారన్ కొడితే మాత్రం చురుగ్గా లేచేది. ఒకసారి నేను మిరప ఘాటుకు తుమ్మితే ముల్లు సరిగ్గా నాలుగో తీగ దగ్గర నిలబడింది. రత్నం నవ్వి, "నీ తుమ్ము శ్రుతిలో ఉందిరా" అన్నాడు.

మైకు తీసేసి, గిటారు వైరు నేరుగా గుచ్చుకునేలా జాక్ పెట్టాను. పన్నెండో మెట్టు మీద వేలు ఊరికే ఆనించి మీటితే పై స్వరం శుభ్రంగా వస్తుంది, పెట్టెకు అది తేలిగ్గా దొరుకుతుందని రత్నమే చెప్పాడు. పుస్తకంలో ఉన్న అంతర్జాతీయ కొలత ప్రకారం స్వరాలు సరిచేశాను. దానికోసం కాలేజీ ల్యాబులో తెలిసినాయన్ని బతిమాలి, అక్కడి మెషీనుతో పోల్చి చూసుకున్నాను. వెంట్రుకవాసి తేడా లేదు. ఆ పెట్టెను చూసుకుని నేను పొందిన ఆనందం నా పెళ్ళినాడు కూడా పొందలేదని మా ఆవిడ ఇప్పటికీ దెప్పుతుంది.

చీటీ చదివాను. కచ్చితంగా ఉంది. ఇచ్చేశాను.

పొన్నూరు

ఆ ఆదివారం పొన్నూరులో ఒక రైసుమిల్లు ఓనరు గారి ఇంట పగటి పెళ్ళి. భోజనాల వేళ ఆర్కెస్ట్రా, రత్నం చర్చిలో వాయింపు ముగించుకుని వచ్చేశాడు. నా పెట్టె పనితనం చూసుకుందామని నేనూ వెళ్ళాను.

కోటేశ్వరరావు గారి సంగతి ఇక్కడ చెప్పాలి. ఆయన నాన్నగారు పౌరాణిక నాటకాల్లో హార్మోనిస్టు. తెల్లవార్లూ పద్యాలకు శ్రుతి పట్టిన ఆ హార్మోనియాన్నే కొడుకు ఆర్కెస్ట్రాకు తెచ్చుకున్నాడు. స్టేజీ మీద ఆయన హార్మోనియం ఏది చెబితే అదే స్వరం. తబలా, గిటార్లు, పాడేవాళ్ళు, అందరూ దానితోనే కలుపుకోవాలి. దాన్ని ఎవరూ ముట్టుకోకూడదు.

రత్నం స్టేజీ పక్కన నా పెట్టె పెట్టుకుని నాలుగు తీగలూ కలుపుకున్నాడు. ఎండకు మీటరు అద్దం మెరిసి ముల్లు కనపడక టవలు నీడ పట్టుకుని చూసుకోవాల్సి వచ్చింది. చివరికి ముల్లు నడిమధ్యన నిలబడింది. నా వైపు చూసి తల ఊపాడు. అతని ముఖంలో ఎన్నాళ్ళ తర్వాతో వచ్చిన ధైర్యం కనిపించింది.

మొదటి పాట పల్లవి దాటక ముందే నాకు తెలిసిపోయింది. బేస్ పాటలో కలవడం లేదు. ప్రతి స్వరమూ కాస్త కిందుగా, అన్నీ ఒకే కొలతలో కిందుగా ఉన్నాయి. రత్నానికి అది వినపడదు. పెట్టె చెప్పింది కదా అని మునుపెన్నడూ లేనంత గట్టిగా, హాయిగా వాయిస్తున్నాడు. పాడుతున్న అమ్మాయి రెండుసార్లు వెనక్కి తిరిగి చూసింది. మూడో పాట ముందు కోటేశ్వరరావు గారు మైకు చేత్తో మూసి, "రత్నం, ఆ వాల్యూమ్ కట్టేయ్" అన్నారు.

మిగతా ప్రోగ్రాం అంతా రత్నం శబ్దం లేని గిటారు వాయిస్తూ నిలబడ్డాడు. పెళ్ళివారికి తేడా తెలియకూడదని వేళ్ళు కదిపాడు. నేను చూడలేక భోజనం చేయకుండానే బస్సెక్కాను.

మర్నాడు రత్నమే షాపుకొచ్చి పెట్టె బల్ల మీద పెట్టాడు. "వచ్చే నెల పర్చూరు ప్రోగ్రాంకి వేరేవాణ్ణి చూసుకుంటానన్నాడు. నీ తప్పేం లేదులే మస్తానూ. నా చెవికి మందు లేదు" అని వెళ్ళిపోయాడు. తిడితే బాగుండేది.

ఈ మాట ఎవరిది?

విశ్వనాథం గారు అంతా విని లోపలికి వెళ్ళి, పాత చీటీలు గుచ్చే ఇనుప చువ్వ తెచ్చారు. వెతికి నా చీటీ లాగి నా ముందు పెట్టారు.

"ఈ మాట ఎవరిది?"

"రత్నం అన్నదండి."

"రత్నం 'కచ్చితంగా' అన్నాడా? ఆలోచించి చెప్పు."

ఆలోచించాను. అనలేదు. ఏమన్నాడో గుర్తు చేసుకుని పైకి చెప్పాను. అందరితో కలిశానో లేదో చెప్పాలన్నాడు. నేను చేసిన పెట్టె, ఎక్కడో ప్రపంచంలో ఉన్న కొలతతో కలిశాడో లేదో చెప్పింది. ఆ కొలతతో పొన్నూరు స్టేజీ మీద ఎవరికీ పని లేదు. నాటకాల హార్మోనియం రీడ్లు ఎన్నిసార్లు గీకి సరిచేశారో ఏమో, అది ఎప్పుడో కాస్త పైకి పోయింది. దానితో కలిసిన అందరూ పైనే ఉన్నారు. రత్నం ఒక్కడే పుస్తకం ప్రకారం సరిగ్గా ఉన్నాడు, అందుకే అతనొక్కడే తప్పయ్యాడు.

"అయితే ఆ హార్మోనియం సరిచేయించమని చెప్పాలండి" అన్నాను, ఇంకా పొగరు దిగక.

"వెళ్ళి చెప్పు. ఆయన నిన్ను ఆ హార్మోనియంలో పెట్టి తిత్తి ఊదుతాడు" అన్నారు విశ్వనాథం గారు. ఆయన హాస్యమాడగా నేను విన్నది అదొక్కసారే.

ఆ సాయంత్రం ఆయన నా పక్కన కూర్చుని, వీపు తిప్పకుండా, కొత్త సర్క్యూట్ గీసి చూపించారు. దాని గురించి పెద్దగా రాయను. ముల్లు తీసేశాం. ఒక ఎర్ర లైటు పెట్టాం. తీగ స్వరానికీ పెట్టెలో స్వరానికీ తేడా ఉంటే లైటు మిణుకుమిణుకుమంటుంది. తేడా తగ్గేకొద్దీ మిణుకు నెమ్మదిస్తుంది. కలిస్తే నిలిచిపోతుంది. ఎండలో కనపడాలని పక్కన ఫోటో స్టూడియోలో నల్లటి ఫిల్ము డబ్బా అడిగి తెచ్చి, కోసి లైటు చుట్టూ గొట్టంలా తొడిగాను. అసలైన మార్పు ఒక పెద్ద గుండీ. దాన్ని తిప్పితే నాలుగు తీగల స్వరాలూ కలిసి పైకో కిందికో జరుగుతాయి. పారేసిన మైకు మళ్ళీ పెట్టాను, ఈసారి గిటారు కోసం కాదు. ముందు ఆ మైకు హార్మోనియం దగ్గర పెట్టి, లైటు నిలిచేదాకా గుండీ తిప్పాలి. తర్వాత గిటారు గుచ్చి, అదే లైటు నిలిచేదాకా తీగ తిప్పాలి. చెవితో పని లేదు.

పాత చీటీ చింపేసి కొత్తది రాశాను. రత్నం అన్నది అన్నట్టు రాశాను. దారంతో కట్టకుండా పెట్టె మూత లోపల అతికించాను.

డబుల్ రీడు

ఇప్పుడు కోటేశ్వరరావు గారిని ఒప్పించాలి. రత్నాన్ని వెంటబెట్టుకుని రిహార్సల్ జరిగే ఆయన ఇంటికి వెళ్ళాను. వసారాలో అందరూ ఉన్నారు. పర్చూరు కోసం మాట్లాడిన కొత్త బేస్ అతను ఇంకా రాలేదు.

"మీ హార్మోనియం ఒక్క నిమిషం వినాలండి" అన్నాను.

"విను. చేతులు వెనక్కి పెట్టుకుని విను" అన్నారాయన.

మైకు దగ్గర పెట్టాను. ఆయన ఒక మెట్టు నొక్కారు. లైటు మిణుకుతూనే ఉంది. గుండీ ఎంత తిప్పినా నిలవదు. రత్నం ముఖం నేలకు దిగిపోయింది. అప్పుడు విశ్వనాథం గారు చెప్పిన ఒక ముక్క గుర్తొచ్చింది. మంచి హార్మోనియంలో ఒక్కో మెట్టుకు రెండు రీడ్లు పలుకుతాయి. వినడానికి నిండుగా ఉండాలని ఆ రెంటినీ వెంట్రుకవాసి తేడాతో పెడతారు. రెండు స్వరాలు ఒకేసారి వింటుంటే లైటు దేనితో నిలుస్తుంది?

"ఒక వరస రీడ్లు ఆపుతారా అండీ?"

"మా నాన్న దీన్ని సింగిల్ రీడు మీద ఎప్పుడూ వాయించలేదు."

అప్పుడు రత్నం ముందుకొచ్చాడు. నేను అతన్ని అడగమనలేదు, చెప్పమనలేదు.

"అయ్యగారూ, నాకు చెవి పోయిందండి. ఏడాదిన్నర అయింది. మీకు చెప్పకపోవడం నాదే తప్పు. మీ హార్మోనియాన్ని పరీక్ష చెయ్యడానికి రాలేదండి మేం. నాకు వినపడట్లేదు గాబట్టి, అదేం చెబుతుందో నాకు కంటికి కనపడేట్టు చేశాడు ఇతను. ఒక్కసారి ఆపండి."

కోటేశ్వరరావు గారు రత్నం వైపు చూశారు. తర్వాత హార్మోనియం ముందువైపు ఉండే, ఒక వరస రీడ్లను ఆపే పిడిని లోపలికి నెట్టి మళ్ళీ మెట్టు నొక్కారు. నేను గుండీ తిప్పాను. మిణుకు నెమ్మదించి, ఇంకా నెమ్మదించి, నిలిచింది. రత్నం గిటారు గుచ్చి ఒక్కో తీగా కలుపుకున్నాడు. దవడకు ఆనించి సరిచూసుకున్నాడు. కోటేశ్వరరావు గారు పిడి బయటికి లాగి పాట ఎత్తుకున్నారు. రత్నం అందుకున్నాడు.

పాట అయ్యాక ఆయన, "కొత్తాయనకు రావద్దని కబురు పెట్టండి" అన్నారు. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. దాచుకోవడానికి వైర్లు చుట్టడం మొదలుపెట్టాను.

పర్చూరు

పర్చూరులో పొగాకు రైతు ఇంట పెళ్ళి. ఎండలు ముదిరిన రోజులు. షామియానా కింద గాలి లేదు. నాలుగైదు పాటలయ్యేసరికి ఎక్కడో తేడా వచ్చింది. పాట అంచులు రేగిపోతున్నాయి. కోటేశ్వరరావు గారు కనుబొమలు ముడిచి, అలవాటుగా, మొదట రత్నం వైపే చూశారు.

పాట ముగిసింది. రత్నం కంగారు పడలేదు. హార్మోనియం మీద ఒక మెట్టు నొక్కమని సైగ చేశాడు. ఆయన పిడి నెట్టి నొక్కారు. రత్నం మైకు పెట్టి గుండీ సరిచూసుకున్నాడు, గిటారు గుచ్చి, లైటు ఆయనకు కనపడేలా పెట్టెను తిప్పి తీగ మీటాడు. నల్లటి ఫిల్ము డబ్బా లోపల ఎర్ర లైటు కదలకుండా నిలబడింది. నాలుగు తీగలకూ అంతే.

కోటేశ్వరరావు గారు తల తిప్పి లీడ్ గిటారు అతన్ని చూశారు. అతను మంచి చెవి ఉన్నవాడు, పాపం ఎండకు తీగలు సడలాయి.

"ఏమయ్యా, ముందు రత్నంతో కలుపుకో" అన్నారు.

స్టేజీ మీద అతను వచ్చి రత్నం పక్కన కూర్చుని, ఆ లైటు చూసుకుంటూ తీగలు బిగించుకున్నాడు. వినపడని మనిషి దగ్గర వినపడే మనిషి శ్రుతి చూసుకోవడం నేను ఆ రోజే చూశాను.

మళ్ళీ బల్ల మీదికి

ఆ తర్వాత అలాంటి పెట్టెలు ఎన్నో చేశాను. ఒంగోలు నుంచి, నరసరావుపేట నుంచి వచ్చేవారు. ప్రతి బేస్ వాయించేవాడికీ ఒక్కో గొడవ. ఒకాయనకు పాట మధ్యలో జనానికి వినపడకుండా కలుపుకోవాలి. ఒకాయన చేతులు లావు, గుండీ పెద్దది కావాలి. ఒకాయన కాలితో నొక్కాలన్నాడు. బ్యాటరీ అయిపోయేముందు చెప్పాలని అందరూ అన్నారు. కచ్చితంగా ఉండాలని మాత్రం వాళ్ళంతట వాళ్ళు అన్నవాళ్ళు తక్కువ. అన్నవాళ్ళను కూడా, దేనితో కచ్చితంగా అని అడగడం నేర్చుకున్నాను. ఇవన్నీ చీటీల్లో వాళ్ళ మాటల్లోనే ఉన్నాయి. విశ్వనాథం గారి చువ్వ ఇప్పుడు మా ఇంట్లో ఉంది.

తర్వాత నేను పెట్టుకున్న సొంత షాపు మూసేసే ముందు వారం రత్నం వచ్చాడు. జుట్టు మొత్తం తెల్లబడింది, దూది పోగులు ఉన్నా కనపడవు. చర్చిలో ఇంకా వాయిస్తున్నాడు. మాట్లాడాలంటే పెదవులు చూస్తాడు. పెట్టెలో బ్యాటరీ తగిలించే క్లిప్పు విరిగిందని తెచ్చాడు. మూత తీశాను. లోపల నా చేతిరాతతో, పసుపురంగుకు తిరిగిన చీటీ అలాగే ఉంది. "నాకు వినపడకపోయినా, అందరితో కలిశానో లేదో అది చెప్పాల. చాలు."

క్లిప్పు మార్చాను. అలవాటు చొప్పున కొత్త చీటీ, పెన్ను తీసుకుని అతనికి కనపడేలా ముఖం ఎత్తి అడిగాను. "ఏం రాయమంటావన్నా?"

అతను గిటారు గుచ్చి, పైకొమ్ము దవడకు ఆనించి, కళ్ళు లైటు మీద పెట్టి లావు తీగ మీటాడు. లైటు కాసేపు మిణుకుమని నిలిచింది.

"ఏం రాయబాకు. పాతదే ఉంచు. ఇంకా చెబుతానే ఉంది" అన్నాడు.